రెండో క్లారినెట్: 38 ఏళ్ల తర్వాత మళ్లీ బ్యాండులో

జూన్ 1, ఆదివారం. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ మోగింది. మా బిగ్ డ్రమ్ము వాడు. "ఒరే, మేస్టారి పుస్తకం దొరికిందిరా" అన్నాడు. నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

మేస్టారంటే విజయనగరంలో మా కాలేజీ బ్యాండుకి నేర్పినాయన. పోలీసు బ్యాండులో చేసి రిటైరై, రోజూ సాయంత్రం ఐదింటికి సైకిలు మీద వచ్చేవారు. 1984 నుంచి 87 దాకా ఆయన దగ్గర క్లారినెట్ వాయించాను. ఆయన 2009లో పోయారు. ఈ వేసవిలో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే వాళ్లమ్మాయికి ట్రంకుపెట్టె అడుగున లాంగ్‌సైజు నోటుబుక్కు ఒకటి కనిపించింది. మేం వాయించిన పాటలన్నీ సరిగమల్లో, ఎర్ర సిరాతో రాసి ఉన్నాయి. ఆవిడ దాన్ని చూసి ముందు బిగ్ డ్రమ్ముకే ఫోన్ చేసింది, వాడొక్కడే ఇంకా ఊళ్లో ఉన్నాడు కాబట్టి.

పుస్తకం దొరికిందన్న మాటతో మొదలై, ఆగస్టు 15న వాయిద్దామన్న మాటతో ఆ ఫోన్ ముగిసింది. డెబ్బై అయిదు రోజులు. అదెంత తక్కువో ఆ రాత్రి ఎవరికీ తట్టలేదు. పాత బ్యాండుని మళ్లీ కూడగట్టాలని మనసులో ఉన్నవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జూన్ 3న అటక మీంచి పెట్టె దింపాను. మూత తీయగానే గంధకం వాసన. నాది ఎబొనైట్ (గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు) క్లారినెట్. నల్లగా నిగనిగలాడేది కాస్తా పాచి పట్టిన గోడలా ఆకుపచ్చ, గోధుమరంగు కలిసిన రంగుకి తిరిగింది. ఎబొనైట్ ముసలిదైతే అంతేనట, వాయించడానికి అడ్డమేమీ లేదట. అసలు ఇబ్బంది ప్యాడ్లు. కీల కింద రంధ్రాల్ని మూసే మెత్తటి బిళ్లల్ని పురుగు తినేసింది, వేలితో తాకితే పొడి రాలింది. కార్కు ఎండి పగిలిపోయింది. ఒక స్ప్రింగు తుప్పు పట్టి విరిగింది. మా ఆవిడ చూసి "దీన్ని ఇన్నాళ్లూ దాచారా" అంది. దాచాను. మూడు ట్రాన్స్‌ఫర్లలో మొదట లారీ ఎక్కిన సామాను అదే.

జూన్ 6న బస్సు పార్శిల్‌లో హైదరాబాదులో ఒక రిపేరు షాపుకి పంపాను. నాలుగు రోజులన్నారు. వారం తర్వాత ఫోన్ చేస్తే ప్యాడ్లు రావాలన్నారు. ఆ తర్వాత పనివాడు ఊరెళ్లాడన్నారు. చివరికి 27న చేతికొచ్చింది, సరిగ్గా 21 రోజులు. రిపేరుకి 3,400, పార్శిల్ రానూపోనూ 360. తీరా అమర్చి ఊదితే కింది స్వరాలు పలకలేదు, గాలి ఎక్కడో పోతోంది. ఇది తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: సిగరెట్ కాగితం సన్నగా చీరి ప్యాడు కింద పెట్టి, కీ నొక్కి పట్టుకుని మెల్లగా లాగాలి. పట్టుకుంటే ప్యాడు మూస్తున్నట్టు, జారి వచ్చేస్తే కారుతున్నట్టు. నాది రెండు చోట్ల జారిపోయింది. మళ్లీ హైదరాబాదు పంపే ఓపిక లేదు. నేనిప్పుడుంటున్న ఊళ్లోనే పెళ్లిళ్ల బ్యాండులో వాయించే ఒక పెద్దాయన, వేలితో తడిమి ఎక్కడ కారుతోందో చెప్పేశాడు. లక్కని చిన్న దీపం మీద కరిగించి, ప్యాడుని మళ్లీ కూర్చోబెట్టి, పది నిమిషాల్లో పని ముగించాడు. రెండొందలు తీసుకున్నాడు. మొదట ఆయన దగ్గరికే వెళ్లి ఉండాల్సింది. మీరు మాత్రం ముందు మీ ఊళ్లో మేళం వాళ్లని అడగండి.

తర్వాత నోటి సంగతి. క్లారినెట్ పట్టుకుంటే పై పళ్లు మౌత్‌పీస్ మీద ఆనాలి, కింది పెదవి లోపలికి మడిచి రీడుకి, అంటే ఊదితే కంపించే పలచటి రెల్లు బద్దకి, మెత్తగా ఆనించాలి. మొదటి మూడు రోజులు పది నిమిషాలకే పెదవి లోపల పుండు పడింది. నాకిప్పుడు 59. ముందు పన్ను ఒకటి కొంచెం కదులుతోంది. రీడు కంపనమంతా ఎముకలోంచి ఆ పంటికి వెళ్తుంటే గుండె గుభేలుమనేది. జూలై 5న డెంటిస్టు దగ్గరికి వెళ్తే, చిగుళ్లు శుభ్రం చేసి, రోజుకి అరగంట దాటొద్దన్నారు. 1,500 అయింది. సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి మౌత్‌పీస్ మీద, పన్ను ఆనే చోట అంటించుకున్నాను. కింది పళ్ల మీద సిగరెట్ కాగితం నాలుగు మడతలు పెట్టి కప్పాను. ఈ రెండూ కాలేజీలో మేస్టారు చూపించినవే. అప్పుడు అవసరం పడలేదు.

మొదటి ప్రాక్టీసు జూన్ 29, ఆదివారం. మేం మొత్తం 23 మంది ఉండేవాళ్లం. నలుగురు ఇక లేరు. కొందరి నంబర్లు దొరకలేదు, కొందరు రాలేమన్నారు. బిగ్ డ్రమ్ము వాళ్ల మేడ మీదకి తొమ్మిది మందిమి చేరాం. ట్రంపెట్ బావ రాయగడ నుంచి తెల్లవారుజాము రైలెక్కి వచ్చాడు. యుఫోనియం (పెద్ద ఇత్తడి బూర) వాడికి రెండేళ్ల కిందట గుండెకి స్టెంటు వేశారు. డాక్టర్ని అడిగి, ఊదొచ్చని రాయించుకుని మరీ వచ్చాడు. ఆ కాగితం చొక్కా జేబులోంచి తీసి చూపించాడు.

ఆషాఢం కాబట్టి మాకు అదృష్టం కలిసొచ్చింది. పెళ్లిళ్లు లేవు, బ్యాండు వాళ్ల వాయిద్యాలన్నీ ఖాళీగా ఉన్నాయి. బిగ్ డ్రమ్ము, రెండు సైడ్ డ్రమ్ములు, యుఫోనియం కలిపి ఆదివారానికి 800కే ఇచ్చారు. జూలై 25న శ్రావణం వచ్చేసరికి లెక్క మారిపోయింది. రోజుకి 2,500 ఇస్తామన్నా దొరకలేదు, ముహూర్తాలు. 27న, ఆగస్టు 3న డ్రమ్ములు లేకుండానే ప్రాక్టీసు చేశాం. బిగ్ డ్రమ్ము వాడు అరటిపళ్ల గెల పెట్టే ఖాళీ డ్రమ్ము బోర్లించి దాని మీద కొట్టాడు. మీరు ఇలాంటిది తలపెడితే పంచాంగం చూసుకుని తేదీలు పెట్టుకోండి.

ఇక పుస్తకం. మేస్టారి పాటల్లో మా ప్రాణమంతా ఉన్నది గురజాడ వారి 'దేశమును ప్రేమించుమన్నా'. 1910లో రాసిన పాట. ఆయన మా ఊళ్లో ఉన్న మనిషి, అందుకని మా ఊరి బ్యాండు ఆ పాట వాయించకపోతే ఎలా అని మేస్టారి పట్టుదల. కానీ దాన్ని మార్చింగ్ పాట చేయడం మామూలు పని కాదు. అది ముత్యాల సరం అనే ఛందస్సు. మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలుగా (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు) నడుస్తుంది. దే-శ మూడు, ము-ను-ప్రే నాలుగు. అంటే ఏడుకి ఏడు. పరేడ్‌లో నిమిషానికి 120 అడుగులు, ఎడమ కుడి ఎడమ కుడి. మొదటి ఏడు ఎడమ కాలితో మొదలైతే రెండో ఏడు కుడి కాలికి వస్తుంది. బిగ్ డ్రమ్ము దెబ్బ ఒకసారి ఎడమ కాలి మీద, ఒకసారి కుడి కాలి మీద పడితే వరస మొత్తం తడబడుతుంది.

కాలేజీ గ్రౌండులో వేప చెట్టు కింద ఆయన మాకది చేసి చూపించిన సాయంత్రం నాకు ఇవాళ్టికీ కళ్లకి కట్టినట్టే ఉంది. చెప్పులు విడిచి, పంచె పైకి కట్టి, పాడుకుంటూ నడిచారు. "మనకి కాళ్లు రెండేరా. ఏడుతో నడవలేం. ఎనిమిది చెయ్యాలి" అన్నారు. "దే" అన్న చోట ఒక మాత్ర సాగదీశారు. మూడు నాలుగైంది. "మిం" అన్న చోట కూడా అంతే. లైను పదహారు మాత్రలైంది, కాళ్లకి సరిపోయింది. కానీ సాగదీసిన చోట పాట ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. ఆ ఖాళీలో ఎవరో ఒకరు కదలాలి. అక్కడే మేం కదిలేవాళ్లం, రెండో క్లారినెట్లం, నేనూ ఇంకొకడూ.

మొదటి క్లారినెట్లు, ట్రంపెట్లు పాట వరస వాయిస్తాయి. జనం పాడుకునేది అదే. రెండో క్లారినెట్‌కి వరస ఉండదు. కిందుగా, పాట ఆగిన చోట రెండు మూడు స్వరాలు, అంతే. మొదట్లో నేను ఏడ్చినంత పని చేశాను. "ఇది పాటలా లేదు మేస్టారూ" అన్నాను. ఆయన మా రెండో క్లారినెట్లిద్దర్నీ ఆపించి, మిగతా వాళ్లని వాయించమన్నారు. వాళ్లు వాయించారు. పాట సాంతం వినపడింది, కానీ వేప చెట్టు కింద నిలబడ్డ వాళ్లెవరికీ కాళ్లు కదల్లేదు. తర్వాత మా ఇద్దర్నీ కలిపారు. సైడ్ డ్రమ్ము వాడు తనకి తెలియకుండానే నడక మొదలుపెట్టాడు. అప్పట్నుంచీ నేను మళ్లీ మొదటి క్లారినెట్ అడగలేదు.

ఆ పాటలో మాకు అన్నిటికన్నా పెద్ద చోటు 'దేశమంటే మనుషులోయ్' దగ్గర వస్తుంది. ముత్యాల సరంలో చివరి పాదం పొట్టిది. "లోయ్" దగ్గర వరస ఒక్క స్వరం మీద నిలబడిపోతుంది, నాలుగు అడుగుల పాటు. ఆ నాలుగు అడుగులూ కింద నడిచేది మేం ఇద్దరమే. ట్రంపెట్లు పైన అలా పట్టుకుని ఉంటే, కింద నుంచి మేం మెట్లెక్కినట్టు ఎక్కేవాళ్లం. నా పక్కవాడి ఊపిరి నా చెవిలో వినపడేది. ఎక్కడ గాలి తీసుకుంటాడో నాకు తెలుసు, నేనెక్కడ తీసుకుంటానో వాడికి తెలుసు. ఇద్దరం ఒకేసారి తీసుకుంటే ఖాళీ వస్తుందని వంతులు వేసుకున్నాం.

1986 జనవరిలో విశాఖలో పరేడ్‌కని పాసింజర్ రైల్లో వెళ్తున్నాం. అలమండ దాటాక సిగ్నల్ లేక బండి చాలాసేపు ఆగిపోయింది. చలి. ఎవరో 'కదం కదం బఢాయే జా' అందుకున్నారు. నేతాజీ ఫౌజు నడిచిన పాట కదా, అది మొదలుపెడితే ఆపడం కష్టం. కిటికీల దగ్గర ట్రంపెట్లు, బెర్తు మీద యుఫోనియం, నడిచే దారిలో బిగ్ డ్రమ్ము. రెండో చరణానికి పెట్టెలో జనమంతా చెక్క మీద కాళ్లు తాటించడం మొదలుపెట్టారు. వేరుశెనక్కాయలమ్మే ముసలాయన గంప దించి, కళ్లు మూసుకుని, అరిచేత్తో తొడ మీద తాళం వేస్తున్నాడు. పక్క పెట్టెలోంచి జనం దిగి పట్టాల మీద నిలబడి విన్నారు. బండి కదిలినా మేం ఆపలేదు, కొత్తవలస దాకా వాయించాం. ఆ తర్వాత జీవితంలో చాలా చూశాను, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. అయినా ఆ రైలు పెట్టె తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వస్తాను. పుస్తకంలో మొదటి క్లారినెట్ ఉంది, ట్రంపెట్లు ఉన్నాయి, యుఫోనియం ఉంది, డ్రమ్ముల దెబ్బలు కూడా గీతలు గీసి రాశారు. రెండో క్లారినెట్ అని తల మీద రాసిన పేజీలో ఒక్కటే లైను: "దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలి." కింద పేజీ అంతా ఖాళీ. నిజమే, ఆయన మాకది ఎప్పుడూ కాగితం మీద ఇవ్వలేదు. నోటితో పాడి, మా వేళ్లని పట్టుకుని రంధ్రాల మీద పెట్టి చెప్పారు. ఆ పేజీ చూశాక రెండు రోజులు అన్నం సయించలేదు. అంటే ఆ స్వరాలు ఈ భూమ్మీద నా వేళ్లలో, ఇంకొకడి వేళ్లలో తప్ప ఎక్కడా లేవు. ఆ ఇంకొకడు గల్ఫ్ వెళ్లిపోయి పాతికేళ్లు దాటింది, నంబరు ఎవరి దగ్గరా లేదు.

జూలై అంతా రోజూ అరగంట అదే పని. బుర్రతో వెతికితే ఒక్కటీ గుర్తు రాలేదు. పక్కన ఎవరైనా వరస పాడుతుంటే, నేను వేరే ఏదో ఆలోచిస్తుంటే, వేళ్లు వాటంతట అవే వెళ్లేవి. కాబట్టి మా ఆవిడ చేత పాడించేవాణ్ణి. ఆవిడ బీరకాయలు తరుగుతూ పాడేది, నేను కిటికీలోంచి రోడ్డు చూస్తూ వాయించేవాణ్ణి. వేళ్లు ఎక్కడికి వెళ్లాయో వెంటనే రాసుకునేవాణ్ణి. జూలై 31 నాటికి అన్నీ వచ్చాయి, ఒక్క చోటు తప్ప. "లోయ్" కింద ఆ నాలుగు అడుగులు. మొదటి స్వరం వస్తుంది, ఆ తర్వాత వేళ్లు గాల్లో ఆగిపోతాయి.

మిగతా ప్రాక్టీసు గురించి త్వరగా చెప్పేస్తాను. జనగణమన 52 సెకన్లలో ముగించాలి. మొదటిసారి ఫోన్లో టైము పెట్టుకుంటే 63 వచ్చింది. వయసుతో నడక నెమ్మదించినట్టే పాటా నెమ్మదిస్తుంది. నాలుగు ఆదివారాలకి 53కి తెచ్చాం. 1919లో టాగూర్ మదనపల్లెలో ఉన్నప్పుడు ఈ పాటకి స్వరాలు రాయించారని మేస్టారు ప్రతి ఏడూ చెప్పేవారు, ట్రంపెట్ బావ ఆయన గొంతుతోనే మళ్లీ చెప్పాడు. ఆగస్టు 12న బడి పిల్లలతో కలిపి వాయిస్తే ఇంకో సమస్య. మా వాయిద్యాలన్నీ ఆరున్నర శ్రుతి (శ్రుతి అంటే పాటకి ఆధారమైన 'స' ఎత్తు), పిల్లలు హార్మోనియం మీద ఒకటి శ్రుతికి నేర్చుకున్నారు. రెండూ కలిస్తే చెవులు మూసుకోవాల్సి వచ్చింది. వాళ్ల టీచరు మంచావిడ, మూడు రోజుల్లో పిల్లల్ని మా శ్రుతికి తెచ్చారు.

ఆగస్టు 15, శుక్రవారం. పొద్దున్న ఆరింటికే సన్నగా చినుకులు. అద్దెకిచ్చిన బ్యాండు వాళ్లకి రాత్రి పెళ్లి ఉంది. పదకొండింటికల్లా వాయిద్యాలు తిరిగివ్వాలన్న షరతు మీద 3,000కి ఇచ్చారు. మా కాలంలో బిగ్ డ్రమ్ముకి తోలు ఉండేది, చినుకు పడితే వదులైపోయేది, షెడ్డు వెనక న్యూస్‌పేపర్లు కాల్చి వేడి చూపించేవాళ్లం. ఇప్పుడు ప్లాస్టిక్, తడిసినా తేడా లేదు. అయినా వాడు అలవాటు కొద్దీ అరచేత్తో తడిమి చూశాడు. అందరం తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, 1,150 అయింది మనిషికి.

జెండా ఎగిరాక జనగణమన. తర్వాత మా పాట, గ్రౌండు చుట్టూ నడుస్తూ. మొదటి లైనుకే నా చేతులు వణికాయి. రెండో లైనులో సాగదీసిన చోట నా మూడు స్వరాలు వాయించగానే ముందు నడుస్తున్న సైడ్ డ్రమ్ము వాడు తల కొంచెం పక్కకి తిప్పాడు, విన్నానన్నట్టు. పిల్లలు రెండు పక్కలా నిలబడి పాడుతున్నారు. 'మనుషులోయ్' వచ్చింది. నేను క్లారినెట్ నోట్లోనే ఉంచుకుని ఊరుకున్నాను. ఏదో ఒకటి కల్పించి వాయించొచ్చు, మనసొప్పలేదు. ఆ నాలుగు అడుగులూ డ్రమ్ములే వినిపించాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. మళ్లీ పల్లవికి అందరం కలిశాం. గ్రౌండు సగం చుట్టేసరికి మా కాళ్లే కాదు, పక్కనున్న పిల్లల కాళ్లూ కదులుతున్నాయి. యుఫోనియం వాడి కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, రెండు చేతులూ వాయిద్యం మీదే ఉన్నాయి, తుడుచుకోలేదు.

అయ్యాక మేస్టారి అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "అన్నయ్యా, అక్కడ ఇంకా ఏదో ఉండాలి కదూ" అంది. "నాన్న స్నానానికి వెళ్తూ అది ఈల వేసేవారు. ఎలా వేసేవారో ఇప్పుడు నోటికి రావట్లేదు." అంతమందిలో ఆ ఖాళీ పట్టుకున్నది ఆవిడ ఒక్కతే. నాకు మాట రాలేదు.

ఖర్చు అడిగేవాళ్ల కోసం: రిపేరు, పార్శిల్, లక్క పని, నాలుగు రీడులు (ఒక్కోటి 320), డెంటిస్టు, బట్టలు, అద్దెల్లో నా వాటా 1,400, అన్నీ కలిపి 9,290 అయింది. పదిహేను రూపాయల రీడుతో ఏడాది గడిపిన రోజులు గుర్తొచ్చాయి. ఈసారి నాలుగింటిలో రెండు మొదటి వారంలోనే అంచు చీలిపోయాయి. మీరు తీసుకుంటే ముందు మెత్తటి రీడుతో మొదలుపెట్టండి, పాత నంబరే కావాలని పట్టుబట్టొద్దు. పెదవికి మునుపటి బలం ఉండదు.

ఆ రోజు వీడియో ఎవరో ఫోన్లో తీసి వాళ్ల బంధువులకి పంపారు. అది చేతులు మారి మారి సెప్టెంబరు 3, బుధవారం రాత్రి నా ఫోన్‌కి తిరిగొచ్చింది, తెలియని మస్కట్ నంబరు నుంచి. కింద ఒక వాయిస్ మెసేజ్, ఏడు సెకన్లు. మాటలేమీ లేవు. గొంతు సవరించుకున్న చప్పుడు, తర్వాత ఈల. నాలుగు అడుగుల పాటు, కింద నుంచి మెట్లెక్కినట్టు. మధ్యలో ఒక చోట గాలి తీసుకున్నాడు, తను ఎప్పుడూ తీసుకునే చోటే.

వెంటనే నేనూ అందుకోబోయి ఆగాను. రాత్రి పదకొండు, మేడ మీద అద్దెకున్నవాళ్ల పసిపాప నిద్రపోతోంది. క్లారినెట్ తీసి ఊదకుండా వేళ్లు మాత్రం పెట్టి చూశాను. ఏడు స్వరాల్లో ఆరు కలిశాయి. ఐదోది వాడు రిషభం ఈల వేశాడు, నా వేలు గాంధారం మీదకి వెళ్తోంది. పదిసార్లు చూశాను, పదిసార్లూ అక్కడికే. బహుశా మా ఇద్దరికీ రెండు వేర్వేరు స్వరాలు చెప్పారేమో, కలిసి పలకాలని. మేస్టారి పుస్తకంలో ఆ ఖాళీ పేజీ మీద రెండూ పెన్సిల్‌తో రాసి పెట్టాను, ఒకదాని కింద ఒకటి. 7వ తేదీ ఆదివారం అందరం కలుస్తున్నాం. మొదటి క్లారినెట్ వాణ్ణి ఆ నాలుగు అడుగులకీ నా పక్కకి రమ్మని, వాడి చేత రిషభం పట్టించి చూడాలి.